హైలెస్సా అన్నవాళ్లెక్కడ?

ఫిల్మ్‌నగర్‌లో పడవలకేం కొదవ? గ్రీన్‌మ్యాట్ ముందు పడవను నిలబెట్టి, ఇద్దరు కుర్రాళ్ల చేత అటూ ఇటూ ఊపించి, నీళ్లు తర్వాత కంప్యూటర్లో పోసుకోవచ్చు. 1964లో 'మూగమనసులు' కోసం గోదావరి మీద తెడ్డు పట్టిన అక్కినేని, 1976లో ఈ రాళ్లగుట్టల అంచున అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచారు. ఆయన వెనకా ముందూ తెలుగు సినిమా మద్రాసు నుంచి మూటాముల్లే సర్దుకొచ్చింది. కెమెరాలొచ్చాయి, డబ్బింగ్ థియేటర్లొచ్చాయి, సాయంత్రమైతే క్లబ్బుకెళ్లే అలవాటూ వచ్చింది. అడయారు ఒడ్డున 1867 నుంచీ ఉన్న మద్రాస్ బోట్ క్లబ్ లాంటిది మాత్రం లారీ ఎక్కలేదు. ఎక్కినా ఈ గుట్ట మీద ఎక్కడ దింపుతారు?

బోట్ క్లబ్ నా బుర్రలోకి రావడానికి కారణం ఒక పాత ఫొటో. 2019 నవంబరులో జూబ్లీహిల్స్‌లోని చిరంజీవి ఇంట్లో ఎనభైల నాటి దక్షిణాది తారలు కలుసుకున్నారు. సుహాసిని, లిజి కలిసి 2009లో మొదలుపెట్టిన ఆ కలయికకు అది పదో ఏడు. అందరూ నలుపు, బంగారు రంగు బట్టల్లో మెరిసిపోయారు. మర్నాటి పేపర్లలో ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారో కూడా మనం చదువుకున్నాం. బాగుంది. అయితే వాళ్లు కలవకపోయినా వాళ్ల చరిత్రకు ఢోకా లేదు. ఏ రాత్రయినా టీవీ పెడితే వాళ్ల పాతికేళ్ల వయసు మన హాల్లో పాటలు పాడుతుంది.

తెడ్డు వేసినవాడికి ఆ వసతి లేదు. రోయింగ్‌లో 'ఎయిట్' అనే పడవ పొడవు దాదాపు పద్దెనిమిది మీటర్లు. హుస్సేన్ సాగర్ మధ్యలోని బుద్ధుడి పక్కన నిలబెడితే ఇంచుమించు ఆయనంత ఎత్తుంటుంది. అందులో ఎనిమిది మంది గమ్యానికి వీపు పెట్టి కూర్చుంటారు. ముందేముందో చూసేది కాక్స్ ఒక్కడే. అతని చేతిలో తెడ్డుండదు. మన సరంగు లాంటి వాడన్నమాట. రెండు వేల మీటర్ల దూరం ఎనిమిది తెడ్లూ ఒక్కసారే నీళ్లలో మునగాలి, ఒక్కసారే లేవాలి. క్రికెట్‌లోలా సెంచరీలుండవు, హ్యాట్రిక్‌లుండవు. మూడో సీటులో కూర్చున్నవాడు ఆరోజు ఎంత బలంగా లాగాడో వాడి ముందూ వెనకా కూర్చున్నవాళ్లకే ఎరుక. గట్టు మీద చూసినవాడికి పడవ గెలిచిందనే తెలుస్తుంది.

నీటి మీద రాతలంటాం చూశారా, అది ఈ ఆటకు అచ్చంగా సరిపోతుంది. అందుకే రోయింగ్ క్లబ్బులకు పాత సభ్యుల కలయిక ఒక వేడుకలా కనిపించినా, చరిత్ర పుస్తకం తెరవడం లాంటిది. ఆ ఎనిమిది మందీ ఒకచోట కూర్చుంటేనే ఆ పోటీ మళ్లీ పూర్తిగా బయటికొస్తుంది. ఒకరు తగ్గితే ఒక పేజీ పోయినట్టే. 1858లో పుట్టిన కలకత్తా రోయింగ్ క్లబ్బుకూ, 1898 నుంచి కొలంబోతో పందెం కడుతున్న మద్రాసు వాళ్లకూ ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

మరి మనకు? గుట్ట దిగితే దుర్గం చెరువుంది. దాని మీద 2020లో కట్టిన తీగల వంతెన మీద నిలబడి సెల్ఫీ తీసుకుంటాం. ఇంకాస్త ముందుకెళితే ఇబ్రహీం కుతుబ్ షా కాలం నాటి హుస్సేన్ సాగర్ ఉంది. సికింద్రాబాద్ వైపు 'బోట్స్ క్లబ్' అన్న పేరు ఇంకా జనం నోట నలుగుతూనే ఉంది. 1878 నాటి సికింద్రాబాద్ క్లబ్బుకు ఈ చెరువు మీద సెయిలింగ్ విభాగముంది. వానాకాలం గాలికి తెరచాపలెత్తే హైదరాబాద్ సెయిలింగ్ వీక్ కూడా ఇక్కడే. తెరచాపకు దక్కిన గౌరవం తెడ్డుకు దక్కలేదని నా ఫిర్యాదు. 2005లో ఆసియా రోయింగ్ పోటీలు జరిగింది ఎక్కడనుకుంటున్నారు? మన హైదరాబాద్‌లోనే. ఈ మాట చెబితే ఇరవయ్యేళ్లుగా ట్యాంక్‌బండ్ మీద వాకింగ్ చేస్తున్న నా మిత్రుడు నమ్మలేదు. ఆ తర్వాత ఐదేళ్లకు, 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో బజరంగ్ లాల్ తాఖర్ రోయింగ్‌లో దేశానికి తొలి బంగారు పతకం తెచ్చాడు. అదీ గుర్తున్నవాళ్లు తక్కువే.

గొప్పలు పోవడానికి నేనేమీ గజఈతగాణ్ని కాను. లుంబినీ పార్కులో టికెట్టు కొని బుద్ధుడి దాకా వెళ్లి రావడమే నా నౌకాయానమంతా. చెరువు కంపు గురించీ గుర్రపుడెక్క గురించీ ఈ శీర్షికలోనే ఎన్నోసార్లు సణిగాను. ఆ నీళ్లలోనే కొందరు తెల్లవారకముందే పడవ దించి, అరచేతులు బొబ్బలెక్కేలా సాధన చేశారు. పడవల రోజుల్లో మన తాతలు హైలెస్సా అని ఊపిరి కలిపినట్టే వాళ్లూ కలిపారు. జూబ్లీహిల్స్‌లో క్లబ్బు సభ్యత్వానికి చెక్కు రాస్తే చాలు. ఆ చెరువులో ఒళ్లు హూనం చేసుకోవాల్సి వచ్చింది.

2005లో పోటీల్లో దిగినవాళ్లు, పడవలు మోసినవాళ్లు, గట్టు మీద టైము చూసినవాళ్లు, అంతకు ముందు తరం వాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ఒక ఆదివారం పొద్దున చెరువు గట్టున కలుసుకోండి. ఎవరు ఏ సీటులో కూర్చున్నారో ఒక కాగితం మీద రాయండి. ఫొటో లేకపోయినా ఫర్వాలేదు, పేర్లు రాయండి. ఆ కాగితం ఈ శీర్షికకు పంపితే వచ్చే వారం నా సొద ఆపి అదే అచ్చు వేయిస్తాను.

— గుట్టవాసి