చేయి ఎప్పుడు వణుకుతోంది?

ముప్పయ్యేళ్ళుగా మేము మదరసాలో పిల్లల చేత అక్షరాలు దిద్దిస్తున్నాము. చేతివ్రాతలో ఏ మార్పు వచ్చినా మా కంటికి ఇట్టే తెలుస్తుంది. అయినా మాతోపాటు బోధించే మౌలానా సాహెబ్ విషయంలో దాదాపు ఏడాదిపాటు పొరబడ్డాము. హాజరు పట్టీలో ఆయన వ్రాసే పేర్లు వరుస చివరికి వచ్చేసరికి చీమలబారులా చిన్నవైపోయేవి. కాగితం పొదుపు కాబోలని నవ్వుకున్నాము. సజ్దా నుంచి లేవడం ఆలస్యమైతే వయసనుకున్నాము. ఫజ్ర్‌లో ఆయన ఖిరాత్ రెండో వరుసకు వినిపించకపోతే జలుబనుకున్నాము. ముఖంలో చిరునవ్వు తగ్గినప్పుడు మాత్రం, మా మాటకేదో నొచ్చుకున్నారని మేమూ ముభావంగా మెలిగాము. అది తలచుకుంటే నేటికీ సిగ్గేస్తుంది.

ఆయనకు చేయి వణకలేదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. నరాల వైద్యులు పరీక్షించి పార్కిన్సన్ వ్యాధి అన్నారు. వణుకు లేకుండా కూడా అది రావచ్చునని అప్పుడు తెలుసుకున్నాము.

మా వీధిలోనే మరొక పెద్దాయన ఉన్నారు. చాయ్ కప్పు ఎత్తితే సగం సాసరులో ఒలికేది. సంతకం పెద్ద పెద్ద వంకరలు పోయేది. ఇంటివారు బెంబేలెత్తి, మౌలానా సాహెబ్ వాడే మాత్రలే తెచ్చి వేయబోయారు. వేయకపోవడం మంచిదైంది. ఆయనది ఎసెన్షియల్ ట్రెమర్. చేతిని పనిలో పెట్టినప్పుడు వణుకుతుంది, ఒడిలో ఉంచితే ఆగుతుంది. తరచు వంశంలో వస్తుంది. ఆయన తండ్రిగారికీ ఉండేదట. పార్కిన్సన్ వణుకు సాధారణంగా దీనికి తలక్రిందులు. ఊరక ఉన్న చేతిలో, అదీ మొదట ఒకవైపే, బొటనవేలూ చూపుడువేలూ తస్బీహ్ పూసలు త్రిప్పుతున్నట్లు కదులుతాయి. ఏదైనా అందుకోబోతే తగ్గుతుంది. నడకలో ఆ చేయి ఊగదు. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ వ్యాధిని వర్ణించారు.

వైద్యుని వద్దకు వెళ్ళేటప్పుడు వాడే మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, తలతిరుగుడుకిచ్చే సినరిజిన్ వంటివి దీర్ఘకాలం వాడితే అచ్చం పార్కిన్సన్‌ను పోలిన లక్షణాలు తేగలవు.

వణుకుతున్నది పదిహేనేళ్ళ కుర్రవాడైతే ఈ లెక్కలు చాలవు. మాట ముద్దగా రావడం, చదువులో వెనుకబడటం, అకారణ కోపం తోడైతే విల్సన్ వ్యాధి ఉందేమో చూడాలి. దానిలో రాగి కాలేయంలోనూ మెదడులోనూ పేరుకుంటుంది. లోపమున్న జన్యువు తల్లిదండ్రులిద్దరి నుంచీ సంక్రమించాలి గనుక, దగ్గరి బంధువులలో పెళ్ళిళ్ళు చేసుకునే మన కుటుంబాలకు దీని ముప్పు ఎక్కువ. తోబుట్టువులకూ పరీక్ష అవసరం. త్వరగా పట్టుకుంటే మందులకు లొంగుతుంది. జిన్ను సోకిందని తావీజు కట్టి నెలలు గడిపేవారిని చూశాము. దుఆ చేయండి, ఆస్పత్రికీ తీసుకువెళ్ళండి.

మౌలానా సాహెబ్ గత రమజానులో ఎవరికీ చెప్పకుండా పగటి మాత్రలు మానేశారు. లెవోడోపా మాత్రకు వేళ తప్పితే శరీరం బిగుసుకుంటుంది. హఠాత్తుగా ఆపడం ప్రమాదకరం. మూడో రోజుకు ఆయన మంచం దిగలేకపోయారు. రోగికి షరీఅత్ ఇచ్చిన వెసులుబాటును ఏటా పిల్లలకు బోధించేది ఆయనే!

ఇప్పుడు మాత్రలు వేళకు వేసుకుంటున్నారు, కుర్చీలో కూర్చుని నమాజు చేస్తున్నారు. హాజరు పట్టీ మేము వ్రాస్తున్నాము. మా అక్షరాలు మరీ పెద్దవై కాగితం వృథా అవుతోందని ఆయన ఫిర్యాదు.