పిల్లలు వాడేసిన ఫోన్లోనా మన బ్యాంకు?

ఇవాళ పంట గురించి కాదు, ఫోన్ గురించి రాస్తున్నాను. కొంచెం పొడుగే. రాత్రి అన్నాలు తిన్నాక తీరుబడిగా చదవండి.

మన ఊళ్ళలో యాభై దాటినోళ్ళు ఫోన్ కొనుక్కోవడం తక్కువ. ఫోన్ మన దగ్గరికి వస్తుంది, అంతే. గాజువాకలోనో, అచ్యుతాపురం కంపెనీల్లోనో పన్జేసే కొడుకు సంక్రాంతికి కొత్తది కొంటాడు, పాతది నాన్నకి ఇస్తాడు. నాన్న రెండేళ్ళు వాడి, అద్దం పగిలాక అమ్మకి ఇస్తాడు. చొక్కాలు కూడా అలాగే వస్తాయి, దానికి మనం ఏమీ అనుకోం. కానీ చొక్కా చిరిగితే కనిపిస్తుంది. ఫోన్ ఎక్కడ చిరిగిందో పైకి కనపడదు.

ఇప్పుడు ఆ పాత ఫోన్లో ఏముందో ఒకసారి లెక్కెయ్యండి. పీఎం కిసాన్ ఆరు వేలు, దాని మీద రాష్ట్రం ఇచ్చే పద్నాలుగు వేలు, మొత్తం ఏడాదికి ఇరవై వేలు పడే ఖాతా దానికే కట్టుంది. 2025 ఆగస్టు 2న అన్నదాత సుఖీభవ మొదలైన రోజు అందరం మెసేజ్ కోసం ఆ ఫోన్లే పట్టుకు కూర్చున్నాం కదా. పీఎం కిసాన్ ఈకేవైసీకి వచ్చే ఓటీపీ అందులోకే. కలుపు తీసి తీసి వేలిముద్రలు అరిగిపోయినోళ్ళకి 2023 జూన్ నుంచి మొహం చూపించి ఈకేవైసీ చేసుకునే వీలొచ్చింది, అదీ ఫోన్లోనే. రైతుబజారులో కొనేవాడు స్కాన్ చేసి పంపిన డబ్బులు పడ్డాయో లేదో చూసుకునేదీ అందులోనే. ఇంట్లో బీరువాకి తాళం వేస్తాం గానీ, ఇంత ఉన్న ఫోన్ సంగతి ఎవరూ అడగరు.

ఒక ముచ్చట చెప్తాను. 2025 జనవరి 1 నుంచి ఆండ్రాయిడ్ 4.4, అంతకన్నా పాత ఫోన్లలో వాట్సాప్ ఆగిపోయింది. అదే నెల 30న మన రాష్ట్ర ప్రభుత్వం మన మిత్ర పేరుతో 161 సేవలు వాట్సాప్‌లో మొదలుపెట్టింది. ఒక చేత్తో తలుపు తీశారు, ఇంకో చేత్తో పాత ఫోన్ వాళ్ళకి గడియ పెట్టారు. ఇద్దరూ కూడబలుక్కుని చేసిన పని కాదు. మధ్యలో నలిగేది మాత్రం మనమే.

అప్‌డేట్ అంటే ఏటో చాలామందికి పిల్లలు కూడా సరిగ్గా చెప్పరు. ఆండ్రాయిడ్‌ని తయారుచేసేది గూగుల్. దాంట్లో దొంగలు దూరే కంతలు బయటపడుతూనే ఉంటాయి, వాటిని పూడ్చే మందు గూగుల్ విడుదల చేస్తూ ఉంటుంది. అయితే అది నేరుగా మన ఫోన్లోకి రాదు. ఫోన్ చేసిన కంపెనీ దాన్ని తన మోడల్‌కి సరిపడేలా సర్ది పంపాలి. తాటిపూడిలో నీళ్ళు నిండుగా ఉన్నా పిల్లకాలవ తవ్వకపోతే శివారు మడికి చుక్క రాదు చూడండి, ఇదీ అంతే. ఖరీదైన ఫోన్లు కాలవ మొదట్లో ఉంటాయి. మనవి శివారు మడులు. కొన్నాళ్ళకి ఆ నీళ్ళూ ఆపేస్తారు.

మొన్న ఎంవీపీ కాలనీ రైతుబజారులో మా బావ వరసాయన ఫోన్ తీసి చూశాను. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ 2021 అని ఉంది.

“బాగానే పన్జేస్తంది కదేటి బావా, దీనికేటి రోగం?” అన్నాడు.

“కంచె పడిపోయిన చేను కూడా పండుతాది బావా, గొడ్లు వచ్చేదాకా” అన్నాను. నవ్వీసి ఊరుకున్నాడు. ఆ ఫోన్లోనే ఆయన వంకాయల డబ్బులన్నీ.

అప్‌డేట్ చేస్తే ఫోన్ మందగిస్తుందని భయపడేవాళ్ళు కూడా బోల్డుమంది. ఆ భయాన్ని నేను కొట్టిపారెయ్యను. 2018లో ఇటలీ ప్రభుత్వ సంస్థ ఒకటి ఇదే విషయంలో యాపిల్‌కి కోటి యూరోలు, శామ్‌సంగ్‌కి యాభై లక్షల యూరోలు జరిమానా వేసింది, పాత ఫోన్లకి బరువైన అప్‌డేట్లు ఎక్కించి వాటిని మందం చేశారని. మన దేశంలో కూడా కొన్ని ఫోన్లకి అప్‌డేట్ తరవాత తెర మీద ఆకుపచ్చ గీత పడిందని గోల అయింది. కాబట్టి రెండింటినీ విడదీసి చూడండి. ఆండ్రాయిడ్ 14 నుంచి 15 అనేది పెద్ద అప్‌డేట్, కొత్త హంగులు వస్తాయి. ఫోన్ ముసలిదైతే, ఖాళీ లేకపోతే, దానికి నాలుగు రోజులు ఆగి పక్కోళ్ళ అనుభవం కనుక్కున్నా తప్పులేదు. సెక్యూరిటీ అప్‌డేట్ అలా కాదు. అది చిన్నది, కంతలు పూడ్చేది. వచ్చిన వారంలో వేసెయ్యాలి. ఛార్జింగ్ పెట్టి, ఎక్కడైనా వైఫై ఉంటే దాంట్లో వేసుకోండి. ఖాళీ లేదని చూపిస్తే ముందు ఆ గుడ్ మార్నింగ్ ఫొటోలు తీసెయ్యండి, దేవుడేమీ అనుకోడు.

ఇక కొత్తది కొనే మాట. జగదాంబ దగ్గర ఏ షాపులోకి వెళ్ళినా గుంటడు మొదట కెమెరా చెప్తాడు, తరవాత ర్యామ్, తరవాత 5జీ, ఆ తరవాత నెలసరి వాయిదా. “అప్‌డేట్లు ఎన్నాళ్ళు వస్తాయి బాబూ?” అని అడిగి చూడండి. “అవి అలా వస్తూనే ఉంటాయి సార్” అంటాడు. రావు. ప్రతి మోడల్‌కీ ఒక గడువుంటుంది. పైగా ఆ గడువు మనం కొన్న రోజు నుంచి కాదు, మోడల్ మార్కెట్‌లోకి వచ్చిన రోజు నుంచి మొదలవుతుంది. పండక్కి తగ్గింపు ధర అని అమ్మేవాటిలో చాలావాటికి ఆ గడువు సగం తినేసే ఉంటుంది. పురుగుమందు డబ్బా మీద ఆఖరు తేదీ చూడకుండా మనలో ఎవడైనా కొంటాడా?

గడువులు ఎలా ఉన్నాయో చెప్తాను. 2023లో గూగుల్ పిక్సెల్ 8కి, 2024లో శామ్‌సంగ్ ఎస్24కి ఏడేళ్ళు ఇస్తామన్నారు. ఆ ధరలు మనకి అందేవి కావు. 2024 అక్టోబరులో వచ్చిన శామ్‌సంగ్ ఏ16 5జీకి ఆరేళ్ళు అన్నారు, అప్పట్లో మొదలు ధర 18,999. అంటే 2030 దాకా వస్తాయి, 2026లో కొన్నవాడికి మిగిలేది నాలుగైదేళ్ళు. పది పన్నెండు వేల ఫోన్లకి చాలా కంపెనీలు రెండు పెద్ద అప్‌డేట్లు, మూడు నాలుగేళ్ళ సెక్యూరిటీ అంటున్నాయి, కొన్ని అంతకన్నా తక్కువే. ఎకరానికి ఎంత పడిందని మనం లెక్క వేస్తాం కదా, ఫోన్‌కి ఏడాదికి ఎంత పడిందని వెయ్యండి. రెండేళ్ళ గడువే మిగిలిన తొమ్మిది వేల ఫోన్ ఏడాదికి నాలుగున్నర వేలు. అయిదేళ్ళు మిగిలిన పంతొమ్మిది వేలది ఏడాదికి మూడువేల ఎనిమిది వందలు. నేను ఏ కంపెనీకీ మనిషిని కాను, ఇది అంకెల లెక్క. పాతది కొనేవాళ్ళయితే స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొట్టి ఐఎంఈఐ నంబరు తీసి, కేవైఎం అని ఇంగ్లీషులో రాసి, ఆ నంబరు జోడించి 14422కి మెసేజ్ పెట్టండి. దొంగిలించిన ఫోన్ అని ఆపేశారో లేదో తెలుస్తుంది.

అంత డబ్బు లేదు అంటారు. నిజమే, ఎవరి దగ్గర మూలుగుతోంది? నా అభిప్రాయం ఇది: పిల్లలిచ్చిన పాత ఫోన్‌ని మాటలకీ, పాటలకీ, వీడియోలకీ ఉంచుకోండి. బ్యాంకుకి కట్టిన సిమ్ముని ఒక చిన్న కీప్యాడ్ ఫోన్లో వేసుకోండి. ఓటీపీ దాంట్లోకే వస్తుంది. డబ్బు పంపాలంటే 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు మొదలుపెట్టిన యూపీఐ 123పే కీప్యాడ్ ఫోన్లలోనే నడుస్తుంది. ఈకేవైసీ మీసేవలో వేలిముద్రతో చేయించుకోవచ్చు. పిల్లలు నామోషీ అంటారు, అననివ్వండి. లేదంటే ఈసారి కొత్త ఫోన్ నాన్నకి ఇచ్చి, రీళ్ళు చూసుకునే పాతది వాళ్ళని ఉంచుకోమనండి! ఇది హాస్యానికి అనడం లేదు.

ఒక మాట మాత్రం దాచకూడదు. ఎంత కొత్త ఫోన్ అయినా, తలుపు మనమే తీస్తే అప్‌డేట్ ఏం చెయ్యదు. పీఎం కిసాన్ పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్ళు తిరుగుతున్నాయి. అవి లోపలికొచ్చి మన ఓటీపీలు చదివేస్తాయి. ఆండ్రాయిడ్ 13 నుంచి అలా బయటినుంచి వచ్చిన యాప్‌లకి ఫోన్ మొత్తం అప్పగించే అనుమతులు సులువుగా దొరక్కుండా అడ్డం పెట్టారు. పాత ఫోన్లలో ఆ అడ్డం లేదు. అందుకే ఒకే ఫైల్ ఎక్కించినా ఆ అనుమతుల దగ్గర కొడుకు ఫోన్ అడ్డుకుంటుంది, నాన్న ఫోన్ అడ్డుకోదు. డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకండి, వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. గంటలు గడిచే కొద్దీ దొరికే ఆశ తగ్గిపోతుంది.

ఇన్ని జాగ్రత్తలు మనమే పడాలా అన్నదే నా అసలు గొడవ. విత్తనాల సంచి మీద మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ వెయ్యాలని 1966 చట్టం ఉంది. పురుగుమందు మీద ఆఖరు తేదీ ఉండాలి. ఫోన్ పెట్టె మీద ధర ఉంటుంది, తయారైన నెల ఉంటుంది, అప్‌డేట్ ఎప్పుడు ఆగిపోతుందో ఉండదు. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి నిబంధన పెట్టారు, ఒక మోడల్ అమ్మకం ఆపేశాక కూడా కనీసం అయిదేళ్ళు అప్‌డేట్లు ఇవ్వాలని. అక్కడ ఇవ్వగలిగిన కంపెనీలు ఇక్కడ ఎందుకివ్వవు? పథకాలన్నీ ఫోన్లోకి తెచ్చిన ప్రభుత్వాలు ఆ ఒక్క తేదీ పెట్టె మీద తెలుగులో వేయించలేవా?

అదే గూగుల్ 2025 అక్టోబరులో మన విశాఖకి పదిహేను వందల కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. మన ఆనందపురం మండలం తర్లువాడలో డేటా సెంటర్ కడతారట. రానీండి, మన పిల్లలకి పనులు దొరికితే సంతోషమే. ఆ డేటా సెంటర్ పక్కన పొలం దున్నుకునే రైతు జేబులో 2021లో అప్‌డేట్ ఆగిపోయిన ఫోన్ ఉందన్న సంగతి కూడా ఎవరో ఒకరు వాళ్ళ చెవిన వెయ్యాలి.

ఇప్పుడే ఒక పని చెయ్యండి. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, ఫోన్ గురించి అన్న చోట నొక్కి, ఆండ్రాయిడ్ వెర్షన్, సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. మీ ఫోన్ మోడల్, ఆ తేదీ కింద కామెంట్‌లో రాయండి, ఎవరి గడువు ఎంతుందో కలిసి చూద్దాం. ఫోన్ నంబరు, బ్యాంకు వివరాలు మాత్రం రాయకండి. ఇంట్లో ఆడాళ్ళ ఫోన్ కూడా చూడండి, డ్వాక్రా డబ్బులు అందులోనే ఉంటాయి.