చేతిసంచీలో ప్రథమ చికిత్స

1997 నాటి సంగతి. నేను కొత్తగా ఉద్యోగంలో చేరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్న రోజులు. ఒక సాయంత్రం దోర్నాలలో బస్సెక్కి మార్కాపురం వెళుతున్నాను. ఎదురుగా వచ్చిన లారీని తప్పించబోయి డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. కిటికీ పక్కన కూర్చున్న పన్నెండేళ్ళ కుర్రవాడి చెయ్యి అద్దానికి కొట్టుకుంది. అద్దం పగిలి, మణికట్టుకు కాస్త పైన లోతుగా తెగింది. రక్తం చిమ్ముతోంది.

"డాక్టరెవరైనా వున్నారా?" అని కండక్టరు కేకవేశాడు. నేను లేచాను. లేచాకగాని నా పరిస్థితి నాకు తెలియలేదు. నా సంచీలో స్టెతస్కోపు వుంది, టార్చిలైటు వుంది, ఖాళీ టిఫిన్ క్యారియరు వుంది. గాయం మీద వెయ్యడానికి జానెడు శుభ్రమైన గుడ్డ లేదు. డ్రైవరు పక్కనున్న ప్రథమ చికిత్స పెట్టె తెరిపిస్తే ఎండిపోయిన టింక్చరు సీసా, ఒక స్క్రూడ్రైవరు, రెండు బీడీకట్టలు కనిపించాయి. ఈలోగా ఒకాయన కుర్రవాడి జబ్బకు పురికొస బిగించబోతున్నాడు. ఇంకొకావిడ కాఫీపొడి పొట్లం విప్పుతోంది.

వెనక సీటులో వున్న ఒక అవ్వ తన మూట విప్పి, మడతపెట్టిన పాత నేతచీర ముక్క నా చేతికిచ్చింది. "ఉతికి ఎండబెట్టిందే నాయనా, పసిబిడ్డ పక్కలోకని పెట్టుకున్నా" అన్నది. గాయంలో గాజుముక్క లేదని చూసుకుని, ఆ గుడ్డ మడతలుగా వేసి గట్టిగా అదిమిపట్టి, చెయ్యి పైకెత్తి వుంచాను. దారిలో ఒక్కసారి కూడా వదలలేదు. ఆసుపత్రిలో కుట్లు వేశారు. పిల్లవాడు గండం గడిచి బయటపడ్డాడు.

వాడి తండ్రి నాకు దండం పెట్టాడు. నాకు మాత్రం సిగ్గేసింది. అవ్వ మూటలో వున్న ముందుచూపు డాక్టరు సంచీలో లేకపోయింది. ఆ మర్నాడే ఒక చిన్న డబ్బా తయారుచేసుకున్నాను. అలాంటిది మీరూ ఒకటి తయారుచేసుకోండని చెప్పడమే ఈ వారం నా ఉద్దేశం.

108 వుంది కదా!

నిజమే. 2005 ఆగస్టులో మన రాష్ట్రంలో 108 సర్వీసు మొదలయ్యాక ఎన్నో ప్రాణాలు నిలిచాయి. ప్రమాదం జరగగానే మొదట చెయ్యవలసిన పని ఆ నెంబరుకు ఫోను చెయ్యడమే. అయితే అంబులెన్సు ఎంత వేగంగా వచ్చినా దారి దారే. పెద్దవాళ్ళ ఒంట్లో వుండే రక్తం సుమారు 5 లీటర్లు. అందులో రెండు లీటర్లు పోతే ప్రాణం మీదికి వస్తుంది. పెద్ద రక్తనాళం తెగితే అది కొద్ది నిమిషాల పని. ఆ నిమిషాల్లో అక్కడ వుండేది డాక్టరు కాదు, మీరు. డబ్బా ఆ కాస్త సమయం కోసమే. అది ఆసుపత్రికి బదులు కాదు, ఆసుపత్రికి చేరేదాకా ఆసరా.

ఇంట్లో అలమరలో పెద్ద పెట్టె వుంటే మంచిదే. కాని ప్రమాదాలు అలమర పక్కనే జరగవు కదా! పొలంలో, బస్సులో, బడిలో, పెళ్ళి పందిట్లో జరుగుతాయి. అందుకే మీ వెంట వచ్చే డబ్బా కావాలి. పిల్లలు బడికి పట్టుకెళ్ళే జామెట్రీ బాక్సు కంటే కాస్త పెద్దది చాలు. జిప్పు వున్న చిన్న సంచీ అయినా సరే. బరువైతే నాలుగు రోజులు మోసి అయిదో రోజు ఇంట్లో వదిలేస్తారు.

రక్తం ఆపడానికి

డబ్బాలో సగం చోటు దీనికే ఇవ్వండి. మందుల షాపులో విడివిడి పొట్లాలలో అమ్మే శుద్ధిచేసిన గాజ్ గుడ్డలు నాలుగు, మూడంగుళాల రోలర్ బ్యాండేజీలు రెండు, అంటుకునే ప్లాస్టరు చుట్ట ఒకటి, బ్యాండెయిడ్ పట్టీలు పది, రబ్బరు చేతితొడుగులు ఒక జత, చిన్న కత్తెర, ముళ్ళు తీసే పట్టకారు, నాలుగు పిన్నీసులు. వీటితోపాటు ఉతికిన పెద్ద నూలు చేతిరుమాలు ఒకటి. విరిగిన చేతిని మెడకు వేలాడగట్టాలన్నా, పెద్ద గాయాన్ని అదమాలన్నా ఇదే అక్కరకొస్తుంది.

వాడే పద్ధతి చెబుతాను. తొడుగులు వేసుకోండి. గాయం మీద గాజ్ గుడ్డ వేసి అరచేత్తో గట్టిగా అదమండి. గడియారం చూసి పది నిమిషాలు వదలకండి. ఆగిందా లేదా అని మాటిమాటికీ ఎత్తి చూస్తే గడ్డకట్టే రక్తం మళ్ళీ కారుతుంది. గుడ్డ తడిస్తే దాన్ని తియ్యకుండా పైన ఇంకొకటి వేసి, ఇంకా గట్టిగా నొక్కండి. గాయంలో గాజుగాని ఇనుపముక్కగాని దిగబడి వుంటే పీకకండి. దానికి అటూ ఇటూ అదమండి. దూది నేరుగా గాయం మీద పెట్టవద్దు. పోగులు లోపల అంటుకుపోతాయి.

గాయం శుభ్రానికి

చిన్న సబ్బుముక్క ఒకటి కాగితంలో చుట్టి పెట్టుకోండి. నవ్వకండి. నా డబ్బాలో అన్నింటికంటే చవకైనది, ఒక్కోసారి అన్నింటికంటే విలువైనది ఇదే. కుక్క కరిస్తే ధారగా పడే నీళ్ళకింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కట్టు కట్టకూడదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టాలి. కాటు లోతుగా వుండి రక్తం వచ్చిందంటే గాయం చుట్టూ వేసే మందు కూడా కావాలి. రేబిస్ వచ్చాక వైద్యం దాదాపు లేదు. రాకుండా చూడడం మాత్రం చేతిలో పని. ఆ పనిలో మొదటి మెట్టు ఈ సబ్బుముక్క.

మామూలు దెబ్బలను కూడా సబ్బు, శుభ్రమైన నీరు పెట్టి కడిగితే చాలావరకు చాలు. ఆపైన రాయడానికి పోవిడోన్ అయోడిన్ మలాము చిన్న ట్యూబు ఒకటి వుంచుకోండి.

కాలినప్పుడు డబ్బాతో పనిలేదు, కుళాయితో పని. ఉంగరాలు, గాజులు వెంటనే తీసేసి, కాలినచోట 20 నిమిషాలు చల్లని నీళ్ళు ధారగా పొయ్యండి. మంచుముక్కలు, సిరా, టూత్ పేస్టు రాయకండి. తరువాత గాజ్ గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

మాత్రలు నాలుగే రకాలు

మందుల షాపును డబ్బాలోకి ఎక్కించకండి. ఈ నాలుగు చాలు.

ఒకటి, పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్రలు. జ్వరానికి, నొప్పికి పెద్దవాళ్ళకు ఒకటి. ఆరుగంటల ఎడం వుండాలి. డాక్టరును అడగకుండా రోజుకు నాలుగు మించవద్దు.

రెండు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు రెండు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని పొట్లం మీద వుండాలి. పెద్ద పొట్లం మొత్తాన్ని ఒక లీటరు మంచినీటిలో ఒకేసారి కలపాలి. సగం పొట్లం, గ్లాసు నీళ్ళు అంటూ అంచనాగా కలపడం పనికిరాదు. కలిపినది 24 గంటలు దాటితే పారబొయ్యండి. విరేచనాలకే కాదు, ఎండలో పనిచేసి నీరసించినవారికి కూడా ఉపయోగం.

మూడు, మూడు చెంచాల గ్లూకోజు పొడి చిన్న పొట్లంగా. ఇన్సులిన్ గాని మాత్రలు గాని వాడే మధుమేహ రోగికి హఠాత్తుగా చెమటలు పోసి, చేతులు వణికి, మాట తడబడితే చక్కెర పడిపోయిందేమోనని అనుమానించాలి. స్పృహలో వుండి మింగగలిగితే నీళ్ళలో కలిపి తాగించండి. స్పృహ లేనివారి నోట్లో ఏదీ పొయ్యకండి. నీళ్ళు కూడా.

నాలుగు, ఆస్పిరిన్ 325 మిల్లీగ్రాముల మాత్ర. గుండెల మీద బండ పెట్టినట్టు నొప్పి, చెమట, ఆ నొప్పి ఎడమచేతికో దవడకో పాకడం జరిగితే ముందు 108కి ఫోను చేసి, తరువాత ఈ మాత్ర నమిలి మింగమనండి. ఆస్పిరిన్ పడనివారికి, కడుపులో పుండువల్ల రక్తం పోతున్నవారికి ఇవ్వకూడదు. మూతి వంకరపోయి, చెయ్యీకాలూ పడిపోయినవారికి అసలే ఇవ్వకూడదు. అది మెదడులో రక్తస్రావమైతే ప్రాణం తీస్తుంది. పిల్లలకు, డెంగీ అనుమానమున్న జ్వరానికి కూడా ఇది పనికిరాదు.

ఒక చీటీ

డబ్బా మూతకు లోపల ఒక చీటీ అంటించండి. మీ పేరు, రక్తం గ్రూపు, మీకు పడని మందులు, రోజూ వాడే మందులు, ఇంట్లోవాళ్ళ ఫోను నెంబరు. డబ్బా మీదే అయినా, ఒకరోజు అది తెరిచేది వేరొకరు కావచ్చు. ఆవేళ మీ తరఫున మాట్లాడేది ఆ చీటీయే.

ఇవి పెట్టుకోకండి

ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్రలు వద్దు. పక్కింటాయన వాడే గుండె మాత్రలు వద్దు. పసుపు, కాఫీపొడి గాయంలో కూరవద్దు. కుట్లు వేసేముందు వాటిని కడగలేక నర్సులు పడే అవస్థ నేను రోజూ చూస్తున్నాను. పాముకాటుకని బ్లేడు, తాడు పెట్టుకునేవారున్నారు. అవి రెండూ పాము కంటే ఎక్కువ హాని చేస్తాయి. పాము కరిచినవారిని కదలనివ్వకుండా, ఆ కాలో చెయ్యో కదలకుండా కట్టి, విషానికి విరుగుడు ఇంజెక్షనున్న ఆసుపత్రికి తీసుకుపోవడం ఒక్కటే మార్గం.

ఉగాదికి, దసరాకు

ఇక నా రెండో సిగ్గు కూడా చెప్పేస్తాను. 2019 మే నెలలో బంధువుల ఇంట్లో పెళ్ళి. కూరలు తరిగే కుర్రవాడు గుమ్మడికాయ కోస్తూ అరచెయ్యి తెగ్గోసుకున్నాడు. "ఉండండి, నా దగ్గర అన్నీ వున్నాయి" అని దర్జాగా కారులోంచి డబ్బా తెప్పించాను. తెరిస్తే ప్లాస్టరు జిగురు కరిగి ముద్దయి వుంది. తొడుగు వేసుకోబోతే కాగితంలా చిరిగింది. గాజ్ పొట్లం అంచు చినిగి లోపలికి దుమ్ము పట్టింది. మూడేళ్ళుగా నేను దాన్ని తెరవలేదు! ఆ కుర్రవాడి చెయ్యి కూడా ఎవరో ఇచ్చిన ఉతికిన కండువాతోనే అదిమిపట్టాను. ఒకనాడు బస్సు డ్రైవరు పెట్టెను చూసి ముఖం చిట్లించుకున్నవాణ్ణి. నా డబ్బా అంతకంటే ఏం బాగుంది?

కాబట్టి ఏడాదికి రెండుసార్లు, ఉగాదికొకసారి, దసరాకొకసారి డబ్బా బోర్లించండి. గడువు దాటిన మందులు తీసెయ్యండి. వాడినవి మళ్ళీ నింపండి. ఎండలో నిలిపిన కారులోగాని, స్కూటరు డిక్కీలోగాని వదలకండి. మన వేసవి వేడికి ఏ మందూ నిలవదు. మాత్రలను చిన్నపిల్లల చేతికి అందనివ్వకండి.

చివరగా ఒక మాట. రోడ్డు మీద గాయపడినవారిని ముట్టుకుంటే పోలీసు కేసు అవుతుందని చాలామంది దూరంగా నిలబడతారు. ఆ భయం ఇక అక్కరలేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, సదుద్దేశంతో సాయం చేసినవారికి రక్షణ ఇస్తోంది. మీ పేరు చెప్పాలని కూడా బలవంతం చెయ్యకూడదు.

ఈ డబ్బాకయ్యే ఖర్చు ఒక కుటుంబం హోటల్లో ఒకపూట టిఫిన్ చేసినదానికి మించదు. ఈ ఆదివారం కొని సర్దండి. సర్దాక ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, ఒకరి చేతికి ఒకరు గుడ్డ అదిమిపట్టి పది నిమిషాలు గడియారం చూడండి. పది నిమిషాలు ఎంత పొడుగో అప్పుడు తెలుస్తుంది. ఒకసారి చేసిన చెయ్యి అవసరం వచ్చినప్పుడు వణకదు.