బిడ్డను మింగింది కర్మ కాదు

పుట్టిన బిడ్డ నోట ఆగని నురగ. మొదటి చుక్క పాలు పట్టగానే దగ్గు, ఉక్కిరిబిక్కిరి, ఒళ్లంతా నీలం. మా నల్లగొండ పల్లెల్లో దీనికి మనకు నేర్పిన పేరు 'కర్మ'. పోయిన జన్మ పాపమట! తల్లి గ్రహణం చూసిందట!

ఇది పచ్చి అబద్ధం. తల్లి కడుపులో గాలిగొట్టం, అన్నవాహిక ఒకే గొట్టంగా మొదలై రెండుగా విడిపోవాలి. కొందరిలో సరిగా విడిపోవు. అన్నవాహిక మధ్యలో మూసుకుపోతుంది. కింది ముక్క చాలామందిలో గాలిగొట్టానికి అతుక్కుంటుంది. మూడు నాలుగు వేల కాన్పుల్లో ఒక బిడ్డ ఇట్లా పుడుతుంది. దొర గడీలోనైనా, వెలివాడలోనైనా. జబ్బుకు కులం లేదు. వైద్యానికే ఉంది.

1941లో అమెరికాలో కామెరాన్ హైట్ అనే సర్జన్ ఆ అతుకు విడదీసి, అన్నవాహిక కొసలు రెండూ కలిపి కుట్టాడు. బిడ్డ బతికింది. ఇవాళ వేరే లోపాల్లేని, నెలలు నిండిన బిడ్డ సకాలంలో మంచి ఆస్పత్రి చేరితే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. మరి మన బిడ్డలెందుకు పోతున్నారు?

ఎల్బీనగర్ చౌరస్తా చూడండి. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం బస్సులు వచ్చే దారి అది. అక్కణ్నించి దిల్‌సుఖ్‌నగర్ దాకా ప్రైవేటు ఆస్పత్రుల బోర్డులే. మా వాడ బిడ్డను ఎత్తుకొని అట్లాంటి ఒకదాని మెట్లెక్కినం. ముందు అడిగింది డిపాజిట్. ఊపిరి సంగతి తర్వాత! మళ్లీ ఆటో. మలక్‌పేట, చాదర్‌ఘాట్ దాటి సర్కారు దవాఖాన చేరేసరికి ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి దిగింది. బిడ్డ దక్కలేదు.

ఆరోగ్యశ్రీ ఉంది గదా అంటారు. 2007లో వచ్చింది. 2023 డిసెంబరులో పరిమితి 10 లక్షలయింది. మంచిదే. కానీ కార్డు బిడ్డను మోసుకుపోదు గదా! సర్కారు దవాఖానలో అత్యవసర వైద్యం సకాలంలో అందకపోతే అది బతికే హక్కును కాలరాయడమేనని 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది, రైలు నుంచి పడ్డ ఒక బెంగాల్ కూలి కేసులో.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ జాగాలో 2022 ఏప్రిల్‌లో సర్కారు పెద్దాస్పత్రికి శంకుస్థాపన చేసిండ్రు. ఆ మార్కెట్లో బుట్టలు మోసింది మన నెత్తులే. అందుకే అడుగుతున్నాం: అక్కడ పసిబిడ్డల సర్జరీ వార్డు, మత్తు డాక్టరు, వెంటిలేటరు రాత్రింబగళ్లు ఉండాలి. ఇది దానం కాదు, మనకు రావలసిన బాకీ.

అందాకా కార్యకర్తలు వాడవాడలా చెప్పండి: నోట నురగ ఆగని పసిబిడ్డకు పాలు, తేనె, చక్కెర నీళ్లు ఏవీ పట్టొద్దు. వెచ్చగా చుట్టి, తల ఎత్తుగా పెట్టి, 108 పిలిచి, పిల్లల సర్జన్ ఉన్న దవాఖానకే నేరుగా పోవాలి. నీలోఫర్ అట్లాంటిదే. మొక్కులు తర్వాత మొక్కుదాం. ముందు బిడ్డను బతికించుకుందాం.

జై భీమ్!