నడవని బొమ్మలు, పరుగెత్తే పిల్లలు

‘థండర్‌బర్డ్స్’ బొమ్మలకు నడక రాదు. సన్నటి తీగలకు వేలాడే ఆ రెండడుగుల మనుషులను నడిపించబోతే పాదం నేలకు ఆనదు, ఆనితే ఒళ్ళంతా ఊగిపోతుంది. అందుకే జెర్రీ, సిల్వియా ఆండర్సన్ దంపతులు వీలైనంత వరకు వాటిని నడవనివ్వలేదు. కుర్చీల్లో కూర్చోబెట్టారు, విమానాలెక్కించారు, తమంతట తామే కదిలే బాటల మీద నిలబెట్టారు, గొట్టాల్లోంచి జారవిడిచారు. 1965 సెప్టెంబర్ 30న బ్రిటన్ టీవీలో మొదలైన ఆ ధారావాహికను అక్కడి ఒక తరం పిల్లలు ప్రాణంగా చూసుకున్నారంటే, అందులో ఈ నడక రాకపోవడం పాత్ర తక్కువేమీ కాదు. 2004లో నిజమైన నటులతో దాన్ని సినిమాగా తీసినవాళ్ళు మాత్రం ఆ నడక రాకపోవడాన్ని ఒక లోపమనుకున్నారు. సరిదిద్దారు. సినిమా పోయింది.

మన పాఠకుల్లో చాలామందికి ఈ బొమ్మలు తెలియకపోవచ్చు. అవి తెరకెక్కిన ఏడాదే ఢిల్లీలో టీవీ రోజువారీ ప్రసారాలు మొదలయ్యాయి. హైదరాబాద్‌కు దూరదర్శన్ రావడానికి 1977 దాకా ఆగాల్సి వచ్చింది. కాబట్టి కథ కొంచెం చెప్పాలి. అప్పటికి వందేళ్ళ తరవాతి లోకం. పసిఫిక్ సముద్రంలో ఒక దీవి. దాని యజమాని జెఫ్ ట్రేసీ, మాజీ వ్యోమగామి. ఆయనకు ఐదుగురు కొడుకులు: స్కాట్, వర్జిల్, అలన్, గోర్డన్, జాన్. అమెరికా తొలి వ్యోమగాములు కార్పెంటర్, గ్రిసమ్, షెపర్డ్, కూపర్, గ్లెన్‌ల పేర్లే వాళ్ళకు పెట్టారు. ప్రపంచంలో ఎక్కడ ఎవరు ప్రమాదంలో చిక్కుకున్నా ఈ కుటుంబం తన అద్భుత యంత్రాలతో రహస్యంగా వెళ్ళి కాపాడుతుంది. అంతే కథ.

దాని మూలం ఒక గని. 1963 అక్టోబర్‌లో పశ్చిమ జర్మనీలోని లెంగెడె ఇనుప గనిలోకి నీళ్ళు విరుచుకుపడి కార్మికులు కింద చిక్కుకుపోయారు. ఇరవై తొమ్మిది మంది చనిపోయారు. రెండు వారాల తరవాత, ఆశలన్నీ వదులుకున్నాక, పైనుంచి బోరు తవ్వి పదకొండు మందిని ప్రాణాలతో బయటకు తీశారు. ఆ బోరు యంత్రం దూరం నుంచి రావాల్సి వచ్చి ఆలస్యమైందన్న వార్త జెర్రీ మనసులో నాటుకుపోయింది. ఇలాంటి యంత్రాలు సిద్ధంగా ఉండి, క్షణాల్లో ఎగిరి వస్తే? ధారావాహికలో భూమిని తొలుచుకుపోయే ‘మోల్’ అనే యంత్రం పుట్టుక అక్కడే.

తొలి భాగం చూడండి. అణుశక్తితో నడిచే ఫైర్‌ఫ్లాష్ విమానం చక్రాల దగ్గర బాంబు ఉంది. దిగితే పేలుతుంది. దిగకుండా తిరుగుతూనే ఉంటే రేడియేషన్‌ను అడ్డుకునే కవచం కరిగి ప్రయాణికులు చస్తారు. చక్రాలు దించకుండానే విమానాన్ని నేలమీద పరుగెత్తే మూడు బండ్ల వీపు మీదికి దించాలన్నది ఉపాయం. ఒక బండి అదుపు తప్పి పేలిపోతుంది. ఇంకో బండి తెస్తారు. నిమిషాల తరబడి సాగే ఈ ఘట్టంలో బొమ్మలు చేసేది మీటలు తిప్పడం, చెమటోడ్చడం. నటించేవి యంత్రాలు. వాటికి బరువుంది, దుమ్ముంది, మసి ఉంది. డెరెక్ మెడింగ్స్ అనే కళాకారుడు స్లౌ పట్టణంలోని పారిశ్రామికవాడలో చిన్న చిన్న నమూనాలను కొత్త పెయింటు మెరుపు లేకుండా మురికి పట్టించి, వేగంగా తిరిగే కెమెరాతో తీసి ఆ బరువు తెప్పించాడు. తరవాత జేమ్స్‌బాండ్ సినిమాలకు, ‘సూపర్‌మేన్’కు పనిచేసిన మనిషి ఆయనే.

నిమ్మలకుంట తోలుబొమ్మలాట చూసినవారికి ఇందులో వింతేమీ ఉండదు. అక్కడా బొమ్మ కదిలేది కొంతే, మిగతాదంతా గొంతు, తాళం, చప్పుడు కలిసి నడిపిస్తాయి. ఇంకో ముచ్చట: ధారావాహికను రంగుల్లో తీసినా బ్రిటన్ ఐటీవీకి 1969 దాకా రంగుల ప్రసారం లేదు. థండర్‌బర్డ్-2 విమానం ఆకుపచ్చదని పిల్లలకు చెప్పింది టీవీ కాదు, అంగట్లో బొమ్మలూ రంగుల కామిక్‌లూ.

ఇక సినిమా. దర్శకుడు జొనాథన్ ఫ్రేక్స్, ‘స్టార్ ట్రెక్’లో నటించి, అందులో ఒక మంచి సినిమా తీసినవాడు. విలన్ హుడ్‌గా వేసింది మనకు గాంధీగా తెలిసిన బెన్ కింగ్‌స్లీ. చేతకానివాళ్ళు తీశారని కొట్టిపారేయడానికి లేదు. కానీ ధారావాహికలో వ్యోమగామి అయిన అలన్ ఇందులో బడిపిల్లవాడు. కథ మొదలవగానే తండ్రినీ అన్నలనూ అంతరిక్ష కేంద్రంలో ఇరికించేసి, దీవిని అలన్‌కూ ఇద్దరు స్నేహితులకూ వదిలేశారు. కాళ్ళున్న నటులు దొరికారు కదా, ఇక పరుగులే పరుగులు: చెట్ల మధ్య, గొట్టాల మధ్య. ఆపదలో ఉన్నవాళ్ళను కాపాడేవాళ్ళ కథ కాస్తా సెలవుల్లో దొంగలను పట్టుకునే పిల్లల కథ అయింది. యంత్రాలు మెరుస్తూ వచ్చి మెరుస్తూ పోతాయి. మాకు మరీ కష్టమనిపించింది మోల్ గతి. హుడ్ దాన్ని లండన్‌లో బ్యాంకు ఖజానాకు కన్నం వేయడానికి వాడతాడు. విలన్ కాబట్టి వాడవచ్చు. కానీ గనిలో చిక్కినవాళ్ళ కోసం పుట్టిన యంత్రానికి ఈ సినిమాలో గుర్తుండే పని అదొక్కటే. ఐదున్నర కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెడితే ప్రపంచమంతా కలిపి దాదాపు సగమే తిరిగొచ్చింది.

పాతదంతా బంగారమని మేం అనడం లేదు. ఆండర్సన్‌లు స్వయంగా బొమ్మలతోనే 1966లో, 1968లో తీసిన రెండు థండర్‌బర్డ్స్ సినిమాలూ ఆడలేదు. పెదవులు కదిలించే విద్యుత్ పరికరం తలలోనే ఉండడంతో ఈ బొమ్మలకు తలలు పెద్దవి. 1967 నాటి ‘కెప్టెన్ స్కార్లెట్’లో దాన్ని ఛాతీలోకి మార్చి అచ్చం మనుషుల కొలతలతో బొమ్మలు చేశారు. చూడ్డానికి బాగున్నాయి. మునుపటి వాటిలోని చిలిపితనం పోయింది. మనిషిలా ఉండాలన్న ఆశ హాలీవుడ్‌కు కొత్తగా పుట్టిందేమీ కాదు.

2015లో ఐటీవీ మళ్ళీ తీసినప్పుడు మనుషులను కంప్యూటర్‌తో గీసినా, దీవినీ పరిసరాలనూ చేత్తో చేసిన నమూనాలతోనే కట్టారు. ఆపదలూ కాపాడడాలూ తిరిగొచ్చాయి. ఆ తీరు సినిమాకూ చేతకానిదేమీ కాదు.

అయినా 2004 సినిమాలో ఇద్దరు మెరిశారు. ట్రేసీ కుటుంబానికి సాయపడే లేడీ పెనెలోపీగా సోఫియా మైల్స్, ఆమె డ్రైవర్ పార్కర్‌గా రాన్ కుక్. వాళ్ళ గులాబీ రంగు ఆరు చక్రాల కారు రోల్స్‌రాయిస్ నుంచి ఫోర్డుకు దిగజారినా వాళ్ళ దర్జా తగ్గలేదు. ఈ సినిమా విషయంలో దాని మూలకర్తలకే పొంతన కుదరలేదు. అప్పటికే విడిపోయిన ఆ దంపతుల్లో జెర్రీ దాన్ని బాహాటంగా చీదరించుకున్నారు, సిల్వియా మెచ్చుకున్నారు. ధారావాహికలో పెనెలోపీ గొంతు ఆవిడదే మరి.