చెక్కు ఇచ్చారు, సంజాయిషీ ఏది?

2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో శిబిరం పెట్టి ఒక్కరోజే 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. వారం తిరక్కముందే నలుగురు చనిపోయారు. వాళ్లు జబ్బుపడి వెళ్లినవాళ్లు కారు. ఇక పిల్లలు చాలనుకుని నడిచి వెళ్లిన తల్లులు.

ప్రభుత్వం ఒక్కో మృతురాలి కుటుంబానికి ఐదు లక్షలు, డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు ప్రకటించింది. విచారణ కమిటీ వేసింది. పరిహారం ఇవ్వాల్సిందే, ఇంకా ఎక్కువే ఇవ్వాలి. కానీ ఆ ఇంటికి వెళ్లి, "మా దగ్గర తప్పు జరిగింది, ఇలా జరిగింది" అని కూర్చుని చెప్పాల్సిన మనిషి ఎవరు? సూపరింటెండెంటా, డీఎంహెచ్‌వోనా? ఆ పని ఎవరి డ్యూటీయో మన ఆసుపత్రుల్లో ఎవరిని అడిగినా చెప్పరు.

నా కడుపు మండేది ఇంకొకందుకు. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఇలాంటి శిబిరంలోనే 83 మందికి కొన్ని గంటల్లో ఆపరేషన్లు కానిచ్చేశారు. పదిమందికి పైగా తల్లులు పోయారు. ఆ తర్వాత 2016లో, ఇలాంటి శిబిరాల మీద వేసిన దేవికా బిశ్వాస్ కేసులో, మూడేళ్లలోగా వాటినే ఎత్తేయమని సుప్రీంకోర్టు చెప్పింది. ఆపరేషన్ సంగతులు చేయించుకునే మనిషికి అర్థమయ్యే భాషలో వివరించమంది, ఆలోచించుకోడానికి వ్యవధి ఇవ్వమంది. మూడేళ్లు 2019తో అయిపోయాయి. 2022లో మనవాళ్లు మళ్లీ వరసపెట్టి బల్ల ఎక్కించారు.

ఈ తీర్పు సంగతి ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్లలో ఏ ఏఎన్ఎం అయినా, ఏ ఆశా అయినా గడపగడపకూ చెప్పి ఉంటే? "ఇంతమందితో కలిపి నాకొద్దు, ఇంకో రోజు వస్తా" అనే హక్కు తనకుందని ఒక్క తల్లికైనా తెలిసేది. శిబిరానికి రమ్మని పిలవడానికి ఇంటింటికీ వెళ్లగలిగిన వ్యవస్థకు, ప్రమాదం చెప్పడానికి మాత్రం కాళ్లు రావు!

నిజం చెబితే జనం ఆసుపత్రి మీద పడతారంటారు డాక్టర్లు. వాళ్ల భయం ఉత్తదేం కాదు, దాడులు జరుగుతూనే ఉన్నాయి. అయితే శవాన్ని అప్పగించి తలుపేసుకుంటే ఆ కోపం తగ్గుతుందా? ఇబ్రహీంపట్నం చావులకు కారణం ఇన్ఫెక్షన్ అన్నారు. ఒక సర్జన్ మీద వేటు వేస్తే థియేటర్ శుభ్రపడదు. ఎక్కడ సోకింది, ఎవరు చూసుకోవాలి, ఇప్పుడు ఏం మార్చారు? ఈ మూడూ తెలుగులో రాసి ప్రతి ప్రభుత్వాసుపత్రి ఓపీ గోడకు అంటించండి. బతికి బయటపడ్డ ఆ ముప్పైమందిని పిలిచి, ముందుగా వాళ్లకు చదివి వినిపించండి.