అడవికి వెళ్ళిన స్నేహితుడు



ఆదివారం ఆరాధన ముగిశాక గుడి బయట ఒకరికొకరం వందనాలు చెప్పుకుంటాం. "బాగున్నారా?" అంటే "ప్రభువు కృప వలన బాగున్నాం" అంటాం. రొయ్యల చెరువులో నష్టం వచ్చి ఆ సహోదరునికి వారం రోజులుగా నిద్ర లేదని పక్కన కూర్చున్నవారికే తెలియదు. తెలిసినా, అప్పు అడుగుతాడేమోనని తప్పుకొని తిరిగేవారూ ఉన్నారు. మన మధ్య సహవాసం ఉంది. స్నేహం ఉందా?

సౌలు తరుముతుండగా దావీదు జీఫు అరణ్యంలో దాగియున్నాడు. యోనాతాను అతన్ని వెదకుతూ వెళ్ళాడు (1 సమూయేలు 23:16-18). సైన్యాన్ని తీసికెళ్ళాడని గాని, ధనమిచ్చాడని గాని అక్కడ వ్రాయబడలేదు. దేవుని వాగ్దానాన్ని జ్ఞాపకం చేసి అతన్ని ధైర్యపరచాడు. దావీదు రాజైతే సింహాసనం పోయేది యోనాతానుకే! అయినా నీవే రాజువౌతావని తన నోటితోనే చెప్పాడు. స్నేహితుని మేలు కోసం తన లాభాన్ని వదులుకోవడం అంటే ఇదే. ఆ తరువాత వారిద్దరూ కలుసుకున్నట్టు బైబిలులో లేదు. కాని యోనాతాను చనిపోయాక కుంటివాడైన అతని కుమారుడు మెఫీబోషెతును దావీదు తన బల్ల యొద్ద కూర్చుండబెట్టుకున్నాడు (2 సమూయేలు 9). నిజమైన స్నేహం మరణంతో ముగియదు.

మన గోదావరి ప్రాంతం కూడా ఇటువంటి జతపనివారిని ఎరుగును. ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుండి విలియం బౌడెన్, జార్జి బీర్ తమ భార్యలతో 1836లో ఇండియాకు వచ్చారు. జీతమిచ్చే మిషను సంస్థ ఏదీ వారి వెనుక లేదు. పాలకొల్లు, నరసాపురం ప్రాంతాల్లో సేవ చేశారు. 1853లో బీర్ ప్రభువు నందు నిద్రించాడు. బౌడెన్ ఇంటికి తిరిగిపోలేదు, ఇక్కడే సేవ కొనసాగించాడు. తరువాతి కాలంలో బీర్ కుమారులు కూడా ఈ పొలంలోనే పనిచేశారు.

ప్రియులారా, స్నేహితుడంటే మనం ఏది చేసినా సరే అనేవాడు కాదు. గాయమైనా సరే, ప్రేమతో సత్యం చెప్పేవాడు (సామెతలు 27:6). చెప్పిన రహస్యాన్ని ప్రార్థన మనవి పేరుతో ఊరంతా చాటేవాడు స్నేహితుడు కాడు. మనలను తన మీద గాక దేవుని మీద ఆనుకొనేటట్టు చేసేవాడే స్నేహితుడు. మన ప్రభువు శిష్యులను దాసులని పిలువక స్నేహితులని పిలిచాడు, వారి కొరకు ప్రాణమూ పెట్టాడు (యోహాను 15:13-15).

కొన్నాళ్ళుగా గుడికి రాని ఒకరి పేరు ఇప్పుడు మీకు జ్ఞాపకం వస్తూ ఉండవచ్చు. ఎందుకు రావడం లేదని కబురు పంపకండి. ఈ వారమే వారింటికి వెళ్ళండి. వారి అప్పు తీర్చే శక్తి మీకు లేకపోవచ్చు. వారి అరుగు మీద కూర్చొని, చెప్పేది చివరిదాకా విని, చెయ్యి పట్టుకొని ప్రార్థించే శక్తి మనలో ఎవరికి లేదు?

అట్టి స్నేహితులుగా ప్రభువు మనలను వాడుకొనును గాక. ఆమేన్.